గోడమీద ఎర్రమచ్చ

చోడవరం దగ్గర ఒక పంచదార మిల్లులో దాసు ఇరవై తొమ్మిదేళ్లుగా ఫిట్టరు. గాలి పైపుకి ఎక్కడ చిల్లు పడినా చెవితో పట్టేస్తాడని పేరు. ఆ పేరే అతని కొంప ముంచింది. మిల్లు హోరుకి చెవులు పోయాయి, వినికిడి మిషను ఇప్పించండని ఆరేళ్ల కిందట అర్జీ పెట్టుకుంటే, "లీకులు వినేవాడికి మిషనెందుకయ్యా?" అని ఆఫీసరు నవ్వి పంపించేశాడు. నవ్వడానికేం, పోయినవి ఆయన చెవులు కావుగా.

అప్పట్నుంచి దాసు లీకులు పట్టింది కంటితోనే. భార్య అచ్చియ్యమ్మ పాత చీర పీలికొకటి వెదురుపుల్లకి కట్టి, ఎవరూ చూడకుండా పైపుల వెంట తిప్పేవాడు. పీలిక అల్లాడిన చోట చిల్లున్నట్టు. మాటలంటారా, ఎదుటివాళ్ల పెదాలు చూసి గ్రహించేవాడు. నిజంగానే చెవిటివాడని తేలితే పని పోతుందని భయం.

ఈ ఏడు మిల్లుకి చప్పుడుని చూపించే కెమెరా వచ్చింది. చప్పుడు ఎక్కడ పుడితే తెరమీద అక్కడ ఎర్రమచ్చ పడుతుంది. కుర్ర ఇంజనీరు ఉమామహేష్ దాన్ని పట్టుకుని లీకు కోసం తిరిగితే మచ్చ వెళ్లి రేకుల గోడమీద వాలింది. రేకులన్నీ విప్పించాడు. రెండు రోజులు పోయాయి. గోడలో గాలెక్కడిది!

దాసుకి ఒళ్లు మండింది. దాచుకున్న పుల్ల అందరి ముందే తీశాడు. గోడ దగ్గర పీలిక కదల్లేదు. గోడకి ఎదురుగా ఉన్న పైపు దగ్గర రెపరెపలాడింది.

"గోడ సొంతంగా మాటాడదు బాబూ. ఎదటోడి మాటే తిప్పి సెప్తాది. మీ కెమెరా దాన్ని నమ్మేసింది."

అందరూ చప్పట్లు కొట్టారు. "మరి చెవితో కాదా నువ్వు పట్టేది?" అన్నాడు ఉమామహేష్.

ఆ చప్పట్లకి దాసు మెత్తబడిపోయాడు. "సెవులెక్కడున్నాయి బాబూ! పోయి ఆరేళ్లయింది."

మిల్లులో ఏ గోడ ఎక్కడ మోసం చేస్తుందో నాలుగు రోజులు అతని చేతే గుర్తులు పెట్టించుకున్నారు. ఐదో రోజు, వినికిడి లేదు కాబట్టి పనికి రావంటూ కాగితం చేతిలో పెట్టారు.

దాసు ఆఫీసుకెళ్లాడు. "అయితే సెవులు ఇక్కడే పోనాయని రాసివ్వండి సార్. మిషనైనా వస్తాది."

"ఇక్కడెలా పోయాయయ్యా? మొన్నటిదాకా లీకులు చెవితోనే పట్టావని రికార్డుంది" అన్నాడు ఆఫీసరు.

పెదాలు కదిలినంతసేపూ దాసు రెప్ప వెయ్యలేదు. ఒక్క ముక్క పోకుండా అర్థమైంది. చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు.

"ఇనపడ్లేదు సార్. మళ్లీ సెప్పండి."

ఆఫీసరు గట్టిగా చెప్పాడు.

"ఇనపడ్లేదు సార్."

"మొన్నటిదాకా లీకులు చెవితోనే పట్టావయ్యా!" అని ఆయన అరిచాడు. మూడోసారికి ఆఫీసంతా పని ఆపి, తలెత్తి వింది.