పాటలో గడిచే కాలం

పెదనాయన పోయారని ఫోను వచ్చేసరికి నేను పుంగనూరు బస్టాండులో మదనపల్లె బస్సు కోసం నిలబడి ఉన్నాను. ముందు రోజు ఆసుపత్రిలో ఆయన చూస్తానన్న పాటను కుప్పంలోని మా ఇంటి నుంచి తీసుకెళ్తున్నాను. ఒక్క పూట ఆగలేదు మనిషి. దుఃఖం కంటే ముందు నాకు కోపం వచ్చింది.

మా నాన్నకు అన్న ఆయన. మదనపల్లెలో సినిమా హాలు నడిపారు. ఇప్పుడది కల్యాణ మండపం. నేను సినిమాలకు ఎడిటర్‌ని అయ్యానంటే ఆ హాల్లో పెరగడం వల్లే. కొత్త బొమ్మ పడిన రోజు ఆయన తెర పక్కన నిలబడి జనాన్ని చూసేవారు. ఏ పాటకు జనం బీడీలకు లేస్తారో ఆ పాట మర్నాటికి ఉండేది కాదు. పెద్దమండ్యం, నిమ్మనపల్లె వాళ్లు మొదటి ఆట చూసి ఆఖరి బస్సు అందుకోవాలి మరి. సినిమా ఎంతసేపు ఉండాలో మా హాల్లో డైరెక్టరు కాదు, బస్సు డ్రైవరు తేల్చేవాడు.

ఒకసారి అలాగే ఒక పాట తీయించారు. హీరో హీరోయిన్ల పెళ్లి ఆ పాటలోనే ఉంది. పాటతో పాటే పెళ్లీ పోయింది. తర్వాతి సీనులో ఆమె చంకలో బిడ్డతో వచ్చింది. "పెండ్లెప్పుడయిందప్పా?" అని హాలంతా గోల. పెదనాయన ఆట ఆపించి తెర ముందుకొచ్చారు.

"పెండ్లి అయిపోయిండాదప్పా. మీకు బువ్వ పెట్టలేదంతే!"

జనం నవ్వి కూర్చున్నారు. ఇంటికొచ్చాక మాత్రం ఆయన అన్నం సరిగా తినలేదు. "పాటంటే ఊరికే కూత గాదమ్మా. దాంట్లో నెలలు గడిసిపోతాయి" అన్నారు నాతో. ఆ తర్వాత ఏ పాట తీయాలన్నా, అందులో ఏం గడుస్తోందో ముందు చూసుకునేవారు.

చావు సీను వస్తే ఆపరేటరుకు చెప్పి సౌండు తగ్గించేవారు. "ఏడవాల్సింది మనం గదా. వయొలిన్ ముందే ఏడ్సేస్తే మనకేం మిగుల్తాది?" అనేవారు. సంగీత దర్శకులతో నేను పడే గొడవల్లో సగం ఈ మాట వల్లే.

ఈ ఏడాది నేను ఎడిట్ చేసిన సినిమా విడుదలకు ముందే ఆయనకు చూపించాలని నా ఆశ. అప్పటికే ఆయన ఆసుపత్రి మంచం మీద ఎక్కువసేపు కూర్చోలేకపోతున్నారు.

"కొంచెం కోసి సూపీమ్మా. నా బస్సుకూ టైమయితాండాది" అన్నారు.

పక్కనే ఉన్న పెద్దమ్మ ముఖం తిప్పుకుంది.

ఒక పాట తీసేసి, మిగతా సినిమా లాప్‌టాప్‌లో పెట్టుకుని వెళ్లాను. మొగుడు పోయిన ఒకామె, మాటల్లేని వట్టి రాగం మీద, ఇంటి పనులు చేసుకుంటూ తిరిగే పాట అది. పాట ముగిసేసరికి ఆమెకు మళ్లీ నవ్వు వస్తుంది. చాలా పొడుగు పాట. నిర్మాత కూడా తీసేయమని నా ప్రాణం తోడేస్తున్నాడు.

ఆ చోటు రాగానే పెదనాయన చేయెత్తారు. "ఇప్పుడే ఏడస్తా ఉండె. అప్పుడే నవ్వతాండాదే? నడాన ఏమో తీసేసిండావు. యాల తీసినావు?"

"పొడుగెక్కువ పెదనాయనా. మీరు కూర్చోలేరని."

"కూసోలేకుంటే పండుకోని సూస్తా. పోయి తీసుకోని రా పో."

తీసుకొచ్చాను. ఆయన లేరు.

అంతా అయిపోయి, చుట్టాలు వెళ్లిపోయాక పెద్దమ్మ నన్ను పిలిచింది.

"ఆయన అడిగింది తెచ్చిండావా? నాకు సూపీ."

లాప్‌టాప్ ఆమె ముందు పెట్టాను. నిజం చెప్పొద్దూ, ఆ రోజు కూడా నాకు పాట పొడుగుగానే తోచింది. పెద్దమ్మ కదలకుండా చూసింది. పాట అయిపోయింది. తెర మీద ఆమె నవ్వింది.

"ఇంతేనామ్మా?" అంది పెద్దమ్మ. "అప్పుడే నవ్వేసిందా ఆమె?"

పాట మళ్లీ మొదటినుంచి పెట్టాను. తెర మీద ఆమె మొగుడి చొక్కా ఉతికి దండెం మీద ఆరేస్తోంది. పెద్దమ్మ కళ్లు తుడుచుకుని ఇంకాస్త దగ్గరికి జరిగి కూర్చుంది.