మందు కొట్టిన గడ్డి

ఆరేళ్ళుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. అందుకే చెప్పగలుగుతున్నాను. ఒకామె చేతికున్న మంచి పేరును నేను తీసేశాను. చెయ్యి ఎత్తలేదు, తిట్టలేదు. నిజం దాచిపెట్టే తీసేశాను.

మాది ఎల్లారెడ్డి. ఉద్యోగం కామారెడ్డిలో. పొద్దున బస్సు, సాయంత్రం బస్సు. ఆ రెండు బస్సుల మధ్య నాకున్న ఒకే ఒక సరదా ఇంటి వెనక ఎరువు కుప్ప. కూరగాయల తొక్కలు, ఎండుటాకులు, పేడ నీళ్ళు, ఆదివారం ఆదివారం పారతో తిరగేయడం. మధ్యలో ఇనుప చువ్వ గుచ్చి కాసేపాగి తీసి పట్టుకుంటే చెయ్యి చురుక్కుమనాలి. అలా చురుక్కుమంటే నాకు పండగ. వాడకట్టులో నన్ను 'ఎరువు మేడం' అనేవారు. ఎగతాళికే అన్నారేమో, నేను మాత్రం బిరుదుగానే తీసుకున్నాను.

గోడ అవతల లచ్చవ్వ ఉండేది. ఇప్పుడూ ఉంది. పేరు మార్చాను. బీడీలు చుట్టి బతుకుతుంది. కత్తిరించగా మిగిలిన తునికాకు ముక్కలు చాటలో తెచ్చి గోడ మీదుగా నా కుప్పలో పోసేది. ఆమె చెయ్యి మంచిదని పేరు. మిరుగులో, అంటే మృగశిర కార్తెలో, తొలివాన పడగానే చిక్కుడో, సోరో, బీరో, ఏ ఇంటి పెరట్లోనైనా మొదటి గింజ ఆమెతోనే పెట్టించేవాళ్ళం. భర్త పోయిన మనిషి. పెళ్ళికి పిలిస్తే వెళ్ళి తలుపు పక్కన నిలబడేది. పొమ్మని ఎవరూ అనరు, ముందుకు రమ్మనీ ఎవరూ అనరు. ఏడాది మొత్తంలో ఆమెను ముందుగా పిలిచే పని ఆ ఒక్కటే. ఆ రోజు ఉతికిన చీర కట్టుకుని వచ్చేది. నేను చూశాను. చూసి కూడా చేశాను.

ఉండండి, వరసగా చెబుతాను.

ఆ ఎండాకాలం నా కుప్ప వేడెక్కలేదు. ఎండుటాకు ఎక్కువైంది, పచ్చిది తక్కువైంది. లింగంపేట దగ్గర మా తమ్ముడికి మొక్కజొన్న చేను ఉంది. దాని గట్టు మీద గడ్డి కనబడితే రెండు మూటలు కట్టించుకుని తెచ్చుకున్నాను. అది వెడల్పాకుల కలుపు చావడానికి మందు కొట్టిన చోటి గడ్డి అనీ, పశువులకు కూడా వేయడం లేదనీ తమ్ముడు చెప్పాడు. చెప్పలేదని రాసుకోవచ్చు, ఇక్కడ అడిగేవాళ్ళు లేరు. కానీ చెప్పాడు. కుప్ప వేడికి ఏ మందైనా చస్తుందిలే అనుకున్నాను. ఎరువు సంగతిలో నాకంటే తెలిసినవాళ్ళెవరని నా ధీమా.

కనీసం ఇంకో మూడు నెలలు మాగనివ్వాల్సింది. ఈలోగా మిరుగు వచ్చేసింది. ఈసారి ఎరువు నాదేనని ముందే అందరికీ చాటుకుని ఉన్నాను. మాట పోతుందని, ఇంకా వెచ్చగా ఉన్న కుప్పను తవ్వి లచ్చవ్వ ఇంటితో కలిపి నాలుగిళ్ళకు తట్టలతో పంచాను. ఆ ఏడు ఆ నాలుగిళ్ళలోనూ, మా ఇంట్లోనూ గింజ పెట్టింది లచ్చవ్వే.

మొలకలు బాగానే వచ్చాయి. మూడో ఆకు వేసేసరికి ఆకులు దొప్పల్లా ముడుచుకుని కాడలు మెలి తిరిగాయి. అన్ని పెరళ్ళలోనూ అదే తీరు. లచ్చవ్వ చెయ్యి చెడిందని వాడకట్టులో మాట పుట్టింది. ఎరువు మీదికి ఎవరి మనసూ పోలేదు. నా మనసు మాత్రం పోయింది. రెండు పాత డబ్బాలు తీసుకుని, ఒకదాంట్లో ఉత్త మట్టి, ఇంకోదాంట్లో నా ఎరువు పోసి చిక్కుడు గింజలు పెట్టాను. రెండు వారాల్లో తేలిపోయింది. మట్టిలో మొక్క నిటారుగా ఉంది. ఎరువులోది మెలి తిరిగింది.

అప్పుడు నేనేం చేశానో తెలుసా? రెండు డబ్బాలూ బోర్లించాను. మిగిలిన కుప్పనంతా సంచులకెత్తి, చీమలు పట్టాయని చెప్పి చెత్త బండికి ఇచ్చేశాను.

ఆ సాయంత్రమే లచ్చవ్వ గోడ దగ్గరికి వచ్చింది. చేతిలో పీకిన చిక్కుడు మొక్క.

"బిడ్డా, నువ్వు సదువుకున్నదానివి. జర చెప్పు. నా చెయ్యి గిట్ల ఎందుకైంది?"

"ఏమో అవ్వా. వయసు మీద పడ్డది గదా. గట్లనే అయితది."

"అంతేనంటవా?"

"అంతే అవ్వా."

ఆమె తన అరచేతులు రెండూ తిప్పి చూసుకుంది. "అయితే ఇగ ఎవ్వలింట్ల గింజ పెట్టొద్దు తియ్. మందివి ఖరాబు చేసుడెందుకు?" అని వెళ్ళిపోయింది.

వయసు! ఆ మాట నాకెక్కడ దొరికింది? పాతికేళ్ళుగా పండించిన చేతికి ఒక్క ఏడులోనే వయసు వచ్చిందా? నిజం చెబితే నాకేమయ్యేది? నలుగురు నవ్వేవారు, ఒక బిరుదు పోయేది. అంతే కదా. ఆ నవ్వుకు భయపడి ఆమెను ఆమె చేతుల మీదే అనుమానపడేలా చేశాను.

ఇంతటితో ఆగినా, అప్పుడేదో తోచక అన్నానని సర్దిచెప్పుకునేదాన్ని. ఆగలేదు. మరుసటి ఏడు నా కుప్ప బాగా మాగింది. ఈసారి ముందే డబ్బాలో గింజ పెట్టి చూసుకున్నాను కూడా. ఆ ఎరువు వేసి లచ్చవ్వను పిలిస్తే చాలు, తీగ పందిరెక్కేది, పోయిన పేరు తిరిగొచ్చేది. పిలవలేదు. మరచిపోయి కాదు, లెక్కగా ఆలోచించే పిలవలేదు. అదే చేత్తో పెట్టిన గింజ ఈ ఏడు బాగా వస్తే, మరి నిరుడు చెడింది ఏమిటని ఎవరైనా అడుగుతారు. గుమ్మడికాయల దొంగ అనకముందే భుజాలు తడుముకున్నాను. పక్క వీధిలో ఇంకొకామెను పిలిచి పెట్టించాను. సోరతీగ మిద్దె దాకా పాకింది. చెయ్యి మారిస్తే చూడు ఎలా వచ్చిందో అన్నారు. లచ్చవ్వ కూడా వచ్చి చూసి మంచిగొచ్చిందని మెచ్చుకుంది. ఒక కాయ ఇస్తే రెండు చేతులా అందుకుంది. ఆ కాయ కోసి ఇచ్చేటప్పుడు నా మొహం ఎలా ఉందో నాకు తెలియదు. నవ్వుతూనే ఉండి ఉంటాను.

ఇప్పుడు ఆమె పెరట్లో ఏమీ వేయదు. గింజ ముట్టదు. ఎవరైనా కొత్తగా వచ్చినవాళ్ళు తెలియక పిలిచినా, తన చెయ్యి మంచిది కాదని తానే చెబుతుంది. తునికాకు ముక్కలు మాత్రం ఇప్పటికీ నా కుప్పలోనే పోస్తుంది. ఆ చప్పుడు వినబడితే నేను ఇంట్లో ఒకచోట కూర్చోలేను. లేస్తాను, గోడ దాకా వెళతాను, ఎండ ఎక్కువగా ఉందనో, బస్సు ఆలస్యమైందనో ఏదో ఒకటి అని తిరిగి వస్తాను. ఎన్నిసార్లు వెళ్ళానో!

మీకు చెప్పినంత సులువుగా ఆమెకెందుకు చెప్పవని మీరు అడగవచ్చు. లచ్చవ్వకు చదువు రాదు. అది తెలిసే రాస్తున్నాను. ఇదీ పిరికితనమే, నాకు తెలుసు. క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించడానికి మీరు లచ్చవ్వ కాదు.

ఆమె చేతిలో ఏ దోషమూ లేదు. గింజలను చంపింది నేను. ఈ రెండు మాటలూ ఇన్నేళ్ళలో ఎక్కడా అనలేదు, నాలో నేను కూడా అనుకోలేదు. ఇప్పుడు రాశాను.