కొయ్య మేరీమాత

ప్రతి మంగళవారం తొలి బస్సులో దొమితిల్లా టీచరమ్మ ఉంబ్రియా కొండల్లోని తన ఊరినుంచి దిగి పట్నం వెళ్ళేది. డెబ్భై రెండేళ్ళ మనిషి. సంచిలో రొట్టె, గొర్రెపాల జున్ను. మెడలో దారానికి కట్టిన భూతద్దం. భూకంపంలో ఊరి చర్చి కూలాక, ఐదొందల ఏళ్ళనాటి కొయ్య మేరీమాతను పట్నంలో గిడ్డంగికి చేర్చారు. మొదట ఎవరికోసం చెక్కారో కాగితం చూపిస్తే ఇస్తామన్నారు అధికారులు. ఊళ్ళో మిగిలిన పదకొండు మందీ ఆ కాగితం మీదే ప్రాణాలు పెట్టుకుని ఉన్నారు. బిషప్ గారి దస్త్రాల గదిలో ఆమె పెదవులు కదుపుతూ చదివేది, పేజీ తిప్పబోతూ మరిచిపోయి వేలు నాలుకతో తడిచేసుకునేది. "టీచరమ్మా, ఉమ్ము! పిల్లలకి ఇదేనా నేర్పావు?" అని దస్త్రాలు చూసుకునే ఫాదర్ ఒత్తావియో కసిరేవాడు.

మూడో చలికాలంలో ఒక పాత ఉత్తరం దొరికింది. ఆ తల్లిని చెక్కించుకున్నది పక్కలోయలోని పియెవె ఊరివాళ్ళు. ప్లేగు వచ్చిన ఏడాది నలభై రోజులకని అడిగి తెచ్చుకుని, దొమితిల్లా ఊరివాళ్ళు తిరిగివ్వలేదు. ఫాదర్ కిటికీవైపు తిరిగి, "నేనేమీ చూడలేదు" అన్నాడు. "నేను చూశాను కదా ఫాదర్" అంటూ ఆమె దాన్ని ఆయన బల్లమీద పెట్టేసింది. ఊళ్ళో బస్సు దిగగానే తొంభై ఏళ్ళ నజరేనో ఎదురొచ్చాడు. "దొరికిందా?" "దొరికింది బాబాయ్. మనది కాదు." అతను టోపీ తీసి చేతుల్లో నలిపాడు. "మీ పిన్ని పోయినప్పుడు నేనెవరి కాళ్ళమీద పడి ఏడ్చానే మరి? అది ఏ కాగితంలోనూ రాయలేదా?" దొమితిల్లా సంచి కింద పెట్టింది. అక్కడే, మంచులోనే కూర్చుండిపోయింది.