లైమన్ హకబీ పొట్టి తుపాకీ

మా కౌంటీలోని చర్చిల్లో, బడుల్లో, పెద్ద ఇళ్ళ ముందు గదుల్లో ఉన్న పియానోలన్నీ లైమన్ హకబీ చెవుల మీదే ఆధారపడి బతికాయి. వాటిని శ్రుతి చేయడం అతని పని. పొడుగ్గా, సన్నగా ఉంటాడు. మెడ ఎప్పుడూ కాస్త పక్కకి వాలి, ఎవరో చెబుతున్నది వింటున్నట్టు ఉంటుంది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే "గురక" అని ఒక్క ముక్కలో తేల్చేసేవాడు. ఎవరి గురకో మాత్రం చెప్పేవాడు కాదు. చర్చి భోజనాల్లో పిల్లలకి దూరంగా తలుపు పక్కన కూర్చుని, మొక్కజొన్న రొట్టె కూడా చప్పుడు కాకుండా నమిలేవాడు. నా కొట్టుకి వచ్చినప్పుడల్లా ఫ్రిజ్ రొద భరించలేక దాని ప్లగ్గు పీకేసేవాడు. వెళ్ళేటప్పుడు మళ్ళీ పెట్టడం మర్చిపోయేవాడు. అతని మూలంగా నా పాలు ఎన్నిసార్లు విరిగాయో ఆ దేవుడికే తెలియాలి.

నాది తుపాకుల మరమ్మతు కొట్టు. దాణా కొట్టు వెనక మా నాన్న పెట్టింది, ఆయన పోయాక నేను నడుపుతున్నాను. నాకు నోటి దురుసు ఎక్కువని ఊరంతా అంటారు. తుపాకీ పట్టుకున్నవాళ్ళతో మెత్తగా మాట్లాడితే వినరని నా అనుభవం. లైమన్ నా కొట్టుకి వచ్చేది తుపాకుల కోసం కాదు, సన్నటి స్క్రూలూ స్ప్రింగులూ కావాలంటే వచ్చేవాడు. వేటకి వెళ్ళని మగాడు మా ఓజార్క్ కొండల్లో అతనొక్కడేనేమో.

ఒక యేడు ఆకురాలు కాలంలో ఒక మలుపు దగ్గర కారు బానెట్ ఎత్తి ఇద్దరు నిలబడి ఉంటే, సాయం చేద్దామని లైమన్ వ్యాను ఆపాడు. వాళ్ళు అతన్ని కిందపడేసి తన్ని, పనిముట్ల పెట్టె లాక్కున్నారు. పియానో తీగలు బిగించే ఇనప పనిముట్టుతోనే చెవి మీద కొట్టారు. నెల పొడుగునా ఆ చెవిలో ఈల మోగుతూనే ఉంది. ఆ నెల అతను మనిషి కాడు. తర్వాత ఈల ఆగింది, వినికిడి మళ్ళీ వచ్చింది, భయం మాత్రం అతన్ని వదల్లేదు.

ఒకరోజు పొద్దున్నే వచ్చి కౌంటర్ దగ్గర నిలబడ్డాడు. ఫ్రిజ్ జోలికి పోలేదు. అది చూడగానే నాకు ఏదో తేడాగా అనిపించింది.

"మిస్ డెల్లా, నాకో తుపాకీ కావాలండి. వ్యాన్‌లో పెట్టుకోడానికి."

"జేబులో పట్టే పిస్టల్ ఇస్తాను, తీసుకుపో."

"నా చేతులు చూడండి." చేతులు చాపాడు. వేళ్ళు వణుకుతున్నాయి. "రెండు చేతులా పట్టుకునేది కావాలండి."

సైనికుల రైఫిల్‌ని పోలిన పెద్ద ఏఆర్ తుపాకీనే పొట్టి గొట్టంతో, భుజానికి ఆనించే మడమ లేకుండా కడితే దాన్ని మేం ఏఆర్ పిస్టల్ అంటాం. అతనికి అదే సరిపోతుందని నాకూ అనిపించింది. మూడు గొట్టాలు తెచ్చి బల్ల మీద పెట్టాను. ఒకటి ఏడున్నర అంగుళాలు, ఒకటి పదిన్నర, ఇంకోటి పదకొండున్నర.

"ఇది," అన్నాడు, అన్నిటికంటే పొట్టిదాని మీద చెయ్యేసి.

"అన్నిట్లోకీ పెద్ద నోరు దానిదే. గొట్టం పొట్టిదైతే మందు లోపలే కాలిపోడానికి చోటుండదు. మిగిలిందంతా బయటికొచ్చి నీ మొహం ముందు కాలుద్ది. అద్దాలు మూసిన వ్యాన్‌లో ఒక్కసారి పేల్చావంటే ఇంక నువ్వు పియానోలు మానేసి బంగాళాదుంపలు పండించుకోవాలి."

అతని మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. తుపాకీ లేకపోతే ఆ మనుషులు చంపేస్తారు, ఉంటే అదే అతని చెవులు తీసేస్తుంది. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటే అదే. నాకు జాలేసింది. జాలేస్తే నాకు కోపం వస్తుంది.

"విని చూసుకుని తేల్చుకో, ఫో," అని కసిరాను.

కొట్టు వెనక లోయలో మూడింటినీ కాల్చాను. లైమన్ గుట్ట మీద చాలా దూరంలో, చెవులకి ఏమీ లేకుండా కూర్చుని విన్నాడు. దిగి వచ్చి, "ఏడున్నరది నా మొహం మీద తలుపు వేసినట్టుందండి. మిగతావి పక్కింటి తలుపు," అన్నాడు. తర్వాత చీపురు కర్రలు ఆ తుపాకుల పొడవుకి కోసి, వ్యాన్‌లో సీట్లో కూర్చోబెట్టి అటూ ఇటూ తిప్పమన్నాను. పదకొండున్నర కర్ర ప్రతిసారీ స్టీరింగుకి తగిలింది. అలా పదిన్నర దగ్గర రాజీ పడ్డాం.

ఇక గ్యాస్ సంగతి. తూటా గొట్టంలో వెళ్తుంటే దాని వెనక వేడి గ్యాస్ తోసుకొస్తుంది. గొట్టానికి ఒక చిన్న కన్నం పెడితే, అందులోంచి కొంత గ్యాస్ సన్న గొట్టం గుండా వెనక్కి వచ్చి ఖాళీ తొడుగుని బయటికి విసిరి, రెండో తూటాని లోపలికి ఎక్కిస్తుంది. కన్నం తూటా పేలే చోటికి మరీ దగ్గరుంటే గ్యాస్ విసురుగా వచ్చి తుపాకీ గుర్రంలా తంతుంది. పదిన్నర గొట్టంలో కన్నాన్ని ఇంకాస్త ముందుకి జరిపే వీలుంది, అలాగే కట్టాను. వచ్చే గ్యాస్ తగ్గించుకోడానికి ఒక స్క్రూ కూడా పెట్టాను. అది నేను చేసిన తెలివితక్కువ పని. తీగలు బిగించి బతికేవాడి చేతికి స్క్రూ ఇస్తే ఊరుకుంటాడా. లోయలో కాల్చి చూడ్డానికి వెళ్ళిన ప్రతిసారీ కాస్త బిగించి, కాస్త మెత్తగా పేలేట్టు చేసుకుని వచ్చేవాడు.

"ఇంకా తిప్పావంటే చలికాలం రెండో తూటా ఎక్కదు లైమన్. ఒక్కటి పేలి ఊరుకుంటుంది."

"ఒక్కటి చాలండి, మిస్ డెల్లా. చప్పుడుకే పారిపోతారు."

చెవులకి పెట్టుకునే మఫ్స్ విషయంలోనూ అదే మొండితనం. పెద్ద చప్పుడు ఆపి చిన్న మాటలు వినిపించే బ్యాటరీవి నా దగ్గరున్నాయి. ఒక్కసారి పెట్టుకుని తీసేశాడు. అందులో వినిపించేదంతా దొంగ గొంతట. మొత్తం మూసేసే పాతకాలం మఫ్స్ తీసుకున్నాడు.

తుపాకీ ఉంటే భయం తగ్గుతుందని నేననుకున్నాను. పెరిగింది. లోయల్లో ఉన్న చర్చిలకి వెళ్ళడం మానేశాడు. పియానో దగ్గర కూర్చున్నా కిటికీలోంచి వ్యాన్ కనిపించాలనేవాడు. ఆ వ్యాన్ ఎక్కడైనా ఆగితే చాలు, తుపాకీ ఒళ్ళో పెట్టుకుని, మఫ్స్ తగిలించుకుని కూర్చుంటున్నాడని దాణా కొట్టు వాళ్ళు నవ్వుతూ చెప్పారు. నేను నవ్వలేదు. అడిగితే, "అప్పుడు తీరిగ్గా పెట్టుకోడానికి టైం ఉండదు కదండీ," అన్నాడు. వినికిడి మీద బతికే మనిషి, అందరికంటే ఎక్కువ భయపడే చోట కావాలని చెవిటివాడై కూర్చుంటున్నాడు. తిట్టాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం మంచూ వానా కలిసి పడుతున్నాయి. నేను దాణా కొట్టు వాళ్ళ బస్తాలు ఒకచోట దించి నా బండిలో తిరిగి వస్తున్నాను. వాగు పొంగి రోడ్డు మీదికి వచ్చింది. నీళ్ళకి ఇవతల లైమన్ వ్యాన్ ఆగి ఉంది. నీళ్ళు తగ్గేదాకా ఆగాడన్నమాట, పలకరించి చుట్టుదారిన వెంటబెట్టుకుని వెళ్దామనుకున్నాను. మా నాన్న పాత కోటు వేసుకుని, టోపీ మొహం మీదికి లాక్కుని దిగాను.

మా కొండల్లో ఎవరి దగ్గరికైనా చెప్పకుండా వెళ్ళకూడదు. గేటు దగ్గరే ఆగి కేకేసి, జవాబు వచ్చాకే అడుగు ముందుకేయాలి. చిన్నప్పుడే నేర్పుతారు, నేర్వనివాళ్ళ ఒంట్లో తూటాలు ఉంటాయి. నేనూ కేకేశాను. "లైమన్, నేను, డెల్లాని." జవాబు రాలేదు. దగ్గరికి నడుస్తూ మళ్ళీ కేకేశాను. వాగు హోరులో వినపడలేదేమో అనుకున్నాను. మఫ్స్ సంగతి నా బుర్రలోకి రాలేదు. వచ్చి ఉంటే అక్కడే ఆగేదాన్ని. పక్కకి వెళ్ళి వ్యాన్ రేకు మీద అరచేత్తో చరిచాను.

కిటికీ అద్దం పేలిపోయింది. నా చెంప పక్కనుంచి వేడి గాలి దూసుకెళ్ళింది. టోపీ ఎగిరిపోయిందో నేనే వెనక్కి తోసుకున్నానో తెలీదు, తల మీద ఏమీ లేకుండా, చేతులెత్తి, కిటికీకి ఎదురుగా నిలబడి ఉన్నాను. లోపల లైమన్ రెండు చేతులా తుపాకీ నా ఛాతీకి గురిపెట్టి ఉన్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి. సూటిగా నా మొహంలోకే చూస్తున్నాడు. చెవుల్లో హోరు తప్ప నాకేమీ వినపడటం లేదు. ఎంతసేపు అలా ఉన్నామో చెప్పలేను. ఆఖరికి మఫ్స్ మెడ మీదికి జారాయి, నోరు వంకరపోయి ఏడవడం మొదలుపెట్టాడు.

నేను తలుపు తీసి తుపాకీ లాక్కున్నాను. అతను వదిలేశాడు. అలవాటుగా బొటనవేలితో, తుపాకీ పేలకుండా ఆపే సేఫ్టీ మీట తిప్పబోయాను. తిరగలేదు. మళ్ళీ నొక్కాను. తిరగలేదు.

ఈ రకం తుపాకీ సంగతి తెలిసినవాళ్ళకి ఇంక చెప్పక్కర్లేదు. తూటాని పేల్చే లోపలి సుత్తి వెనక్కి లేచి ఉంటేనే ఆ మీట తిరుగుతుంది. ఒక్కసారి పేలి ఊరుకుంటే, సుత్తి మళ్ళీ లేచే ఉంటుంది. అది పడిపోయి ఉందంటే మొదటి దెబ్బ తర్వాత ట్రిగ్గర్ ఇంకోసారి నొక్కారన్నమాట. తూటాలుండే మేగజీన్ పీకి, తుపాకీ తెరిచి చూశాను. లోపల తూటా లేదు. చలికి, బిగించిన స్క్రూకి, గ్యాస్ చాలక రెండోది ఎక్కలేదు. సుత్తి ఖాళీ మీద పడింది.

నా మొహం చూస్తూ పడింది.

"మీరని తెలీలేదు, మిస్ డెల్లా," అంటున్నాడు. వెక్కిళ్ళ మధ్య మాటలు ముక్కలు ముక్కలుగా వస్తున్నాయి. "వ్యాన్ ఊగింది. వాళ్ళే అనుకున్నా. చూడగానే ఆపేశాను. ఒక్కసారే. ఒక్కసారే కాల్చానండి."

అబద్ధం చెబుతున్నాడో, అతని వేలు చేసింది అతనికే తెలియదో నాకు ఇప్పటికీ తెలియదు. అప్పుడు అడగాలనిపించలేదు. ఏది విన్నా నాకు భయమే.

"ఒక్కసారే," అన్నాను.

"మీకేం తగల్లేదుగా?"

"లేదు. వ్యాన్ తిప్పు. చుట్టుదారిన నా వెనకే రా."

తల ఊపాడు. మొహం తుడుచుకున్నాడు. పగిలిన కిటికీలోంచి బయటి రోడ్డుని ఒకసారి చూసి, చెయ్యి చాపాడు.

"అది ఇచ్చెయ్యండి మిస్ డెల్లా. ఇంటిదాకా వెళ్ళాలి కదా."

చాపిన చెయ్యి దించలేదు. నేను ఇవ్వలేదు. తిట్టనూ లేదు.

తుపాకీ నా చేతిలో ఉంది, మేగజీన్ నా జేబులో ఉంది, అతని దగ్గర ఏమీ లేదు. అయినా అతనికి వీపు చూపించి నా బండిదాకా నడవలేకపోయాను. మొహం అతని వైపే పెట్టి, ఆ మంచులో, వెనక్కి వెనక్కి అడుగులేసుకుంటూ వెళ్ళాను.