ఫట్‌ఫటి వెనక జానెడు చోటు

ఫట్‌ఫటి వెనక గాలి ఉండదు. ఈ మాట చెబితే ఇప్పటివాళ్ళు నవ్వుతారు. నవ్వనీ. పోతున్న మోటారు సైకిలుకు జానెడు దూరంలో తమ సైకిలు ముందు చక్రాన్ని నిలిపి ఎప్పుడైనా తొక్కి చూశారా వీళ్ళు? చెవుల్లో హోరు ఒక్కసారిగా ఆగిపోతుంది. అంతదాకా ముఖాన్ని కొట్టిన ఎదురుగాలి ఎటు పోయిందో తెలియదు. కాళ్ళు వాటంతటవే తిరుగుతాయి. కళ్ళ ముందు ఒక పాత ఖాకీ కోటు, దాని మీద నూనె మరకలు, పెట్రోలు వాసన, అందులో కలిసిపోయిన జర్దా వాసన. ఆ తర్వాత ఎన్నో బండ్లెక్కాను. అద్దాలు మూసిన కార్లలో కూడా తిరిగాను. ఆ గాలి లేని చోటు మాత్రం మళ్ళీ దొరకలేదు. ఈ వయసులో కూడా నాకు అదే కావాలి.

గోదావరిఖనిలో అప్పటికి గనులు కొత్త. మా దగ్గర బొగ్గు గనిని బాయి అంటారు. నేనూ, మా అక్క భర్తా ఒకే ఏడాది బాయిలో చేరాం. నాది భూమి కింద తాడు పని. బొగ్గు నింపిన టబ్బులను ఇనప తాడుతో ఏటవాలు దారి మీదుగా పైకి లాగుతారు. టబ్బులకు తాడు తగిలించడం, విడిపించడం, పైన ఇంజను నడిపేవాడికి గంట కొట్టి సంగతి చెప్పడం నా పని. గంట భాష చిన్నదే. మా పని చూసే సర్దారు మొదటి రోజే చెవి మెలిపెట్టి నేర్పాడు.

"పోతుంటె ఒక్క గంట, ఆగు. ఆగి ఉంటె ఒక్క గంట, లాగు. మర్సినవో, మనిషి పాణం పోతది!"

నేను మరవలేదు. నా కర్మ, అక్కడే వచ్చింది తంటా అంతా.

ఏటా కంపెనీ ఆటల పోటీలు జరిగేవి. అందులో నలుగురు కలిసి తొక్కే సైకిల్ పందెం ఒకటి. మైదానం చుట్టూ పవర్‌హౌజు బూడిద పరిచి, నీళ్ళు చల్లి, రోలరుతో తొక్కించిన బాట ఉండేది. నలుగురూ ఒకరి తోక ఒకరు పట్టుకున్నట్టు పోవాలి. ముందున్నవాడు గాలిని చీలుస్తుంటే మిగతా ముగ్గురూ వాడి చాటున ఊపిరి దాచుకుంటారు. వాడు అలసిపోగానే పక్కకు తప్పుకుని చివరికి చేరతాడు, రెండోవాడు ముందుకొస్తాడు. మూడోవాడి చక్రం గీత దాటిన సమయమే జట్టు సమయం. కాబట్టి ఒక్కడు మొనగాడైతే చాలదు. మా జట్టులో నేను, బావ, మా కాలనీవాళ్ళు ఇంకో ఇద్దరు. ప్రతి ఏడూ మంచిర్యాల వైపు జట్టు వచ్చి, మమ్మల్ని ఓడించి, మా క్యాంటీన్‌లోనే చాయ్ తాగి పోయేది. నాకు ఒళ్ళు మండిపోయేది.

ఒకసారి పొద్దుగూకే ముందు మేం తొక్కుతుంటే చౌరస్తాలో షెడ్డున్న మోటారు మెకానిక్కు వచ్చి నిలబడ్డాడు. అందరూ చాచా అనేవాళ్ళు, మేమూ అంతే. కాసేపు చూసి తల కొట్టుకున్నాడు.

"అరె, ఏంది రా గిది? మేకల మంద లెక్క ఉర్కుతున్నరు!"

వయసులో ఉన్నప్పుడు ఆయన బొంబాయిలో ఒక గ్యారేజీలో పనిచేశాడట. అక్కడ సైకిల్ పందేల వాళ్ళ ముందు మోటారు సైకిలు నడిపేవాడట. మరునాడు ఫట్‌ఫటి మీద వచ్చాడు. మా సైకిళ్ళకున్న బ్రేకులు, మడ్గార్డులు, స్టాండులు ఊడదీయించాడు. వెనక పళ్ళచక్రానికి వెల్డింగ్ పెట్టాడు. ఇక పెడల్ ఆగితే చక్రం ఆగుతుంది, చక్రం తిరిగినంతసేపూ కాళ్ళు తిరగాల్సిందే. ఫట్‌ఫటి వెనక అడ్డంగా ఒక రోలరు బిగించాడు. ఎవడి చక్రమైనా పొరపాటున తగిలితే అది గిర్రున తిరుగుతుంది, మనిషి పడడు.

"మొదలు మూరెడు దూరం. తర్వాత జానెడు. చక్రం దిక్కు సూడొద్దు, నా బుజం దిక్కు సూడాలె. ముందటోని చక్రం పక్కకు మీ చక్రం పోనియ్యొద్దు. పక్కకు జరిగేటోడు ఎనకకు సూసి జరగాలె. కాళ్ళు మాత్రం ఏకదమ్ ఆపొద్దు. ఆపినవా, ఎనకటోడు దవాఖానకే!"

ఎండాకాలంలో కూడా ఆ దొడ్డు కోటు వేసుకునేవాడు. చెమటలు కారిపోయేవి. "చాచా, ఉడకబోస్తలేదా?" అని అడిగితే, "కోటు నాకా? మీకు రా! వెడల్పుంటె మీకు గాలి తాకది" అన్నాడు. అంతకు ముందు నా కోసం ఎవరూ ఎండలో కోటు వేసుకోలేదు.

మొదటి షిఫ్టు దిగి, ముఖం కడుక్కుని, నాలుగింటికల్లా మైదానంలో ఉండేవాళ్ళం. ఆయన మెల్లగా వేగం పెంచేవాడు. మేం పెంచుతున్నామని మాకు తెలిసేది కాదు. రెండు నెలల్లో మా కాళ్ళు మావి కానట్టయ్యాయి. ముందున్నవాడు పక్కకు జరగాల్సినప్పుడు చాచా ఎడమ చెయ్యి ఊపేవాడు. వేగం పెరిగాక చెయ్యి వదలడం మంచిది కాదని, ఒకరోజు కొత్త పద్ధతి చెప్పాడు.

"ఇయ్యాల్టి సంది చెయ్యి ఊపుడు లేదు. ఒక్క హారన్ కొడ్త. ముందటోడు పక్కకు జరగాలె. సమజైందా?"

అందరం అయిందన్నాం. నేను అందరికన్నా గట్టిగా అన్నాను.

ఆ పూట కోటు వెనక మొదటి చోటు నాది. నా వెనక బావ. మూడో చుట్టులో హారన్ ఒక్కసారి మోగింది. అంతే, నా కాళ్ళు బిగుసుకుపోయాయి. బుర్ర పక్కకు జరగమంటున్నది, కాళ్ళు వినలేదు. పోతుంటే ఒక్క గంట, ఆగు. ఏళ్ళ తరబడి భూమి కింద విన్నది కాళ్ళలోకి దిగిపోయింది. చక్రం బూడిదలో జారింది. బావ నా మీద నుంచి ఎగిరి, భుజం నేలకు కొట్టుకునేలా పడ్డాడు.

చాచా ఫట్‌ఫటి పారేసి ఉరికొచ్చాడు. "ఏమైంది? ఎట్లయింది?" అని అరిచాడు. బావ మూలుగుతున్నాడు. మిగతా ఇద్దరూ నా వైపే చూస్తున్నారు. నేను నోరు తెరిచాను.

"చైను పట్టేసింది చాచా."

చాచా నా సైకిలు పక్కన కూలబడి వెనక చక్రాన్ని తిప్పి చూశాడు. వెల్డింగ్ మీద బొటనవేలు పెట్టి రుద్దాడు. "నా చేతి పనేనా?" అన్నాడు మెల్లగా. కాదు అనడానికి ఒక్క క్షణం చాలు. నేను అనలేదు.

దవాఖానలో బావ మెడ కింది ఎముక విరిగిందన్నారు. అక్క వచ్చి ఆ వార్డు కప్పు ఎగిరిపోయేలా అరిచింది. "ఈ సైకిళ్ళను తీస్కపోయి గోదాట్ల ఏస్త! బాయిల పాణం మీదికొచ్చేది సాలదా? బయట గూడనా?" అని నన్ను పట్టుకుని ఊపేసింది. కట్టు కట్టించుకుని పడుకున్న బావ మాత్రం నవ్వాడు. "పిల్లనిచ్చినోళ్ళే బొక్క ఇరగ్గొడితె నేనెవలకు చెప్పుకోవాలె?" నేను నవ్వలేకపోయాను.

చాచా మైదానానికి రావడం మానేశాడు. కోటును షెడ్డులో మేకుకు తగిలించాడు. ఫట్‌ఫటి వెనక రోలరు కూడా విప్పేశాడు. రోజూ డ్యూటీ దిగి ఆ షెడ్డు ముందు నుంచే పోయేవాణ్ణి, ఆయన తలెత్తేవాడు కాదు. మేం ముగ్గురం తొక్కుతూనే ఉన్నాం. ఎదురుగాలి ముఖాన కొడుతుంటే నాకు ఏడుపొచ్చేది. నాకు ఆ కోటు కావాలి. నిజం చెబితే ఆయన తిరిగొస్తాడు. కానీ నిజం తెలిశాక నన్ను జట్టులో ఎవరు ఉంచుతారు? కోటు వస్తుంది, దాని వెనక నేనుండను. ఇరవై రోజులు ఈ లెక్కతోనే చచ్చాను. చాచా గురించి కాదు, నా చోటు గురించి. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేస్తున్నా, నిజం అదే.

చివరికి ఒక ఆదివారం షెడ్డులోకి పోయాను. ఆయన ఒక చక్రానికి పంచర్ వేస్తున్నాడు.

"చాచా, చైను పట్టలే. నేనే కాళ్ళాపిన."

"ఎందుకాపినవ్?"

"నువ్వు ఒక్కటి కొట్టినవ్."

ఆయనకు అర్థం కాలేదు. తాడు, టబ్బులు, గంట, అంతా చెప్పాను. చాచా లేచి, పానా తీసుకుని పక్కనున్న ఇనప రాడ్డు మీద ఒక్కటి కొట్టాడు.

"పోతుంటె?"

"ఆగు."

మళ్ళీ ఒక్కటి కొట్టాడు. "ఆగి ఉంటె?"

"లాగు. పైకి లాగు అని. ఇంటి దిక్కు అన్నట్టు."

పానా కింద పారేశాడు. "ఇర్వై దినాలాయె రా! వెల్డింగ్ పెట్టాలంటె చెయ్యి వణుకుతున్నది. నా చెయ్యి మీద నాకే షక్కు పుట్టింది. గది ఎర్కేనా నీకు?" అని అరిచాడు. ఆయన కోపం నేను అంతకుముందు చూడలేదు. తల వంచుకుని నిలబడ్డాను. కొడితే బాగుండనిపించింది. కొట్టలేదు. స్టూలు మీద కూర్చుని తుడుపుగుడ్డతో చేతులు తుడుచుకున్నాడు.

"నా తప్పు గూడ ఉన్నది. మీరు భూమిల ఏ గంట ఇంటరో అడగకుంట హారన్ పెట్టిన. బస్, ఇగ మీ గంటలే నా గంటలు. ఒక్కటి కొడితె మీ లెక్కనే. పక్కకు జరగాలంటె రెండు కొడ్త."

ఆ సాయంత్రం ఇంటికిపోయి బావకు కూడా చెప్పేశాను. ఆయన గోడకు ఆనుకుని ఒంటి చేత్తో అన్నం తింటున్నాడు.

"నీ ఎనక ఉన్నది నేనే గద బామ్మర్ది. నీ కాళ్ళు బిగుసుడు నేను సూసిన. చైను గట్ల పట్టదు."

"మరి చెప్పలేదేంది?"

"చెప్తె నిన్ను తీసేద్దురు. పక్కకు కూసోవెడితె నువ్వు బతుకుతవా?" అని మళ్ళీ ముద్ద కలుపుకున్నాడు.

నేను వాకిట్లోకి పోయి ఏడ్చాను.

బావ చెయ్యి తర్వాత పూర్తిగా పైకి లేవలేదు. ఆయన చోటులో ఇంకొకరిని తీసుకున్నాం. బావ రోజూ బాట పక్కన నిలబడి మమ్మల్ని తిట్టేవాడు. నన్ను జట్టులోంచి ఎవరూ తీయలేదు. చాచా కోటు తొడిగాడు, రోలరు బిగించాడు. ఆ ఏడు పందెంలో ఓడిపోయాం. ఆ పై ఏడు కూడా ఓడిపోయాం. మూడో ఏడు గెలిచాం. ఆ పందేల సంగతి నాకిప్పుడు సరిగ్గా గుర్తు కూడా లేదు. కోటు మీద ఎడమ భుజం దగ్గర కుట్టు ఎక్కడ ఊడిందో, అది గుర్తుంది.

కొన్నేళ్ళకు బోధన్‌లో చాచా వాళ్ళ అన్న చనిపోయాడు. అక్కడి వర్క్‌షాపు చూసుకునేవాళ్ళు లేరని, ఇక్కడి షెడ్డు ఇంకొకరికి అప్పజెప్పి పోవడానికి సిద్ధమయ్యాడు. పోయే రోజు నాకు మొదటి షిఫ్టు. పైకొచ్చేసరికి ఆయన బాయి గేటు బయట ఫట్‌ఫటి మీద కూర్చుని ఉన్నాడు. వెనక సీటు మీద ట్రంకు పెట్టె కట్టి ఉంది. కోటు తొడుక్కుని ఉన్నాడు. పెట్టె కింద రోలరు అలాగే ఉంది. ప్రయాణానికి రోలరుతో ఏం పని? చూడగానే నాకు తెలిసిపోయింది.

"ఏంది సూస్తున్నవ్? జల్ది రా," అన్నాడు.

బొగ్గు ముఖంతోనే నా డ్యూటీ సైకిలెక్కాను. క్యారియర్, మడ్గార్డులు, అన్నీ ఉన్న బరువు సైకిలు. ఆయన పెద్దపల్లి తొవ్వ పట్టాడు. నా సైకిలు ఎంత పోగలదో అంతే పోనిచ్చాడు. మూరెడు, తర్వాత జానెడు. చెవుల్లో హోరు ఆగిపోయింది. పెట్రోలు, జర్దా. ఆయన వెనక్కి తిరగలేదు. నా కళ్ళు ఆయన భుజం మీదే ఉన్నాయి. ఈ తొవ్వ ఇట్లాగే బోధన్ దాకా పోతే బాగుండు అనుకున్నాను. నేను తొక్కగలను కూడా అనుకున్నాను.

లారీలు ఎదురయ్యే మలుపు ఇంకా కొంత దూరం ఉందనగా హారన్ మోగింది. ఒక్కటి.

బ్రేకు పట్టి ఆగాను. ఆయన ముందుకు పోయాడు. ఎదురుగాలి వచ్చి నా ముఖాన కొట్టింది. కోటు చిన్నదవుతూ పోయింది. మలుపు దగ్గర ఒక క్షణం మెల్లబడి, వెనక్కి తిరగకుండానే, మళ్ళీ ఒక్కటి కొట్టాడు.

ఆగి ఉంటే ఒక్క గంట. లాగు. ఇంటికి పో బేటా, అని. ఆ భాష ఆయనకు నేర్పింది నేనే.

ఫట్‌ఫటి చప్పుడు వినిపించినంతసేపూ, వినిపించడం మానేశాక కూడా, ఒక కాలు నేల మీద పెట్టుకుని అక్కడే నిలబడ్డాను. నా ఉద్యోగం మొత్తంలో గంట విని కూడా కదలనిది ఆ ఒక్కసారే.