పొట్లిలో ఉస్తరా

మూతికి గుడ్డ కట్టుకొని తిరిగిన ఆ రోజుల్లో అందరూ శుభ్రతను ముక్కుతోనే కొలిచేవాళ్ళు. దుకాణం గడప దగ్గర స్పిరిట్ వాసన గుప్పున తగిలితే ధైర్యంగా లోపలికి వచ్చేవాళ్ళు, తగలకపోతే మెట్టు మీదే ఆగి మమ్మల్ని అనుమానంగా చూసి వెనక్కి తిరిగేవాళ్ళు. నేను అప్పుడప్పుడే మహబూబాబాద్‌లో మా మామూ (అమ్మకు తమ్ముడు) నడిపే సెలూన్‌లో కత్తెర పట్టాను. అంతకుముందు కొన్నేళ్ళు మదర్సాలో చదివాను, జమాత్ పెద్దల వెంట పక్క ఊళ్ళ మసీదులు తిరిగాను. నమాజుకు నిలబడే ముందు ఒళ్ళు, బట్ట, నిలబడే చోటు మూడూ పాక్‌గా (శుద్ధంగా) ఉండాలని నేర్చుకున్నవాణ్ణి. అల్లా దయవల్ల ఆ నేర్పు ఇప్పటికీ నాతో ఉంది. కాకపోతే ఆ వయసులో నేర్చినదానికి నా సొంత తెలివి కూడా కొంచెం కలిసింది. (కొంచెం అని నేనంటున్నాను. మామూను అడిగితే వేరే కొలత చెబుతాడు.)

మా పని గురించి ఒక మాట చెప్పాలి. మనిషి అల్లా ముందు తప్ప ఎవరి ముందూ తల వంచకూడదని మాకు చెబుతారు. కానీ మా కుర్చీలో కూర్చున్న ప్రతివాడూ, దొర అయినా కూలీ అయినా, మేము వేలితో ఇట్లా తాకగానే తల వంచేస్తాడు. మెడ మనకు అప్పగించి కళ్ళు మూసుకుంటాడు. చేతిలో ఏముందో, దాన్ని దేనితో కడిగామో కూడా అడగడు. ఇంతకంటే పెద్ద అమానత్ (నమ్మి అప్పగించిన సొత్తు) ఏముంటుంది? అందుకే పనిముట్లు శుభ్రం చేసేటప్పుడు నాకు నమాజుకు ముందు కాళ్ళూ చేతులూ కడిగి వజూ చేస్తున్నట్టే ఉండేది. ఉస్తరాలో (గడ్డం గీసే కత్తిని మేము అట్లాగే అంటాం) బ్లేడు ప్రతి మనిషికీ కొత్తదే వేస్తాం, అది అందరికీ కనిపిస్తుంది. కనిపించనిది బ్లేడు దూరే గాడి. నురగ, వెంట్రుక ముక్క, ఒక్కోసారి రక్తపు చుక్క అక్కడే దాక్కుంటాయి. పాత టూత్ బ్రష్షుతో ఆ గాడిని తోమడం నా వంతు పని. ఆ పనిలో మామూ నాకు ఎప్పుడూ వంక పెట్టలేదు.

వంక ఇంకోచోట వచ్చింది. తోమిన తర్వాత వాటిని స్పిరిట్ జాడీలో ముంచాలి. ఒక మధ్యాహ్నం జాడీ మూత తీయగానే నా ముక్కుకు వాసన, బుర్రకు ఆలోచన ఒకేసారి తగిలాయి. ఇది సారాయికి చుట్టం కదా? సారాయి నాపాక్ కదా? నాపాక్‌లో ముంచిన ఉస్తరాను నమాజు చేసే ముసల్మాను చెంపకు ఆనిస్తే, ఆయన నమాజు ఏం కావాలి? ఈ ప్రశ్నను ఎవరైనా ఆలిమ్‌ను (మత పండితుణ్ణి) అడగాలని మాత్రం తోచలేదు. నేనే అడిగి, నేనే ఫత్వా ఇచ్చుకొని, జాడీని మోరీలో వంచేశాను. దాని నిండా పటిక నీళ్ళు పోసి, హాయిగా పనిలో పడ్డాను. సాయంత్రానికి మెట్టు మీద ఆగి వెనక్కి తిరిగినవాళ్ళను చూసి మామూ జాడీ దగ్గరికి వచ్చి వాసన చూశాడు, వేలు ముంచి నాలుకకు రాసుకున్నాడు. తిట్టలేదు. జాడీ మూత పెట్టి, "సైన్‌బోర్డు పారబోసినవు గదరా" అన్నాడు.

అంతటితో పోయేది. కానీ ఆ వారమే కొడకండ్లలో మా ఇంట్లో మా ఆపా (అక్క) మొదటి కాన్పు అయింది, కొడుకు పుట్టాడు. ఏడో రోజున అఖీఖా. ఆ రోజు బిడ్డ పుట్టువెంట్రుకలు తీసి, పేరు పెట్టి, నలుగురికి అన్నం పెడతారు. ఆ పుట్టువెంట్రుకలు నేనే తీస్తానని ఆపాతో కాన్పుకు నెలల ముందే మాట తీసుకొని ఉన్నాను. నన్ను చంకనెత్తుకొని పెంచింది ఆపా. నా తలలో పేలు చూసింది, మదర్సాకు పోయేటప్పుడు టోపీ సరిచేసింది. నేను ఒక పనిమంతుణ్ణయ్యానని ఆమెకు చూపించే రోజు అదేననుకున్నాను. నా కన్నా ముందు మామూ ఫోన్ పోయింది. స్పిరిట్ సంగతి పూసగుచ్చినట్టు చెప్పాడు.

నేను ఇల్లు చేరేసరికి ఆపా మంచం మీద కూర్చొని ఉంది, ఒడిలో బిడ్డ. మేము ఇంట్లో ఉర్దూ మాట్లాడతాం. ఆపాకు మాత్రం కోపం వస్తే తెలుగు వస్తుంది. చిన్నప్పుడు వాడలో పిల్లలతో జగడాలన్నీ తెలుగులోనే ఆడింది మరి.

"స్పిరిట్ మోరీల పోసినవట?"

అది నాపాక్ అని, నా దగ్గర దలీలు (ఆధారం) ఉందని మొదలుపెట్టాను.

"నీ దలీలు నీ దగ్గర పెట్టుకో. గిటు చూడు." బిడ్డ తల మీది గుడ్డ తీసింది. మాడు దగ్గర మెత్తని చర్మం ఊపిరి తీసినట్టు పైకీ కిందికీ కదులుతోంది. "దవాఖానల నర్సక్క ఏం చెప్పిందో ఎరుకేనా? పచ్చి పిల్లగాడు, జర పైలం అన్నది. స్పిరిట్‌తోని తుడిస్తెనే నా కొడుకును ముట్టు. లేకుంటే మామూ గీస్తడు. నువ్వు పక్కన నిలబడి దువా చదువు."

ఆ చివరి మాట బాగా తగిలింది. ఆ రాత్రి నాకు రెండు భయాలు ఎదురెదురుగా కూర్చున్నాయి. ఏడో రోజు చేసే ప్రవక్త సున్నత్ (ఆచారం) పనిలో నా మనసు ఒప్పని దాన్ని ఎట్లా వాడను? వాడనంటే, నన్ను పెంచిన మనిషి తన బిడ్డను నా చేతికివ్వదు. పొద్దున ఫజర్ నమాజులో కూర్చున్నప్పుడు మూడో దారి తోచింది. నీళ్ళు పాక్, నిప్పు దేన్నీ వదలదు. కుక్కర్‌లో పెట్టి కూతలు వచ్చేదాకా ఉడకబెడితే ఏ పురుగు బతుకుతుంది? దవాఖానల్లో కూడా ఆవిరి పెట్టే ఉడికిస్తారని ఎక్కడో విన్నాను. ఆపాకు చెప్పాను. నా మొహం చూసి, "మంచిగ ఉడకవెట్టు. కూతలు నేను లెక్కవెడత" అంది. పూర్తిగా ఒప్పుకున్నట్టు కాదు, అందుకే మామూ తన సంచీతో సహా వరండాలో కుర్చీ వేసుకొని కూర్చున్నాడు, అవసరం పడితే దిగే ఆటగాడిలాగా.

ఉస్తరా, కత్తెర, చిమటా (చిన్న పట్టకారు) శుభ్రంగా తోమాను. ఏ లోటూ ఉండకూడదని దువ్వెన కూడా కలిపాను (ఏడు రోజుల బిడ్డకు దువ్వెన ఎందుకని అడగకండి). అడుగున గీసుకోకుండా అన్నింటినీ తెల్లని మల్లు గుడ్డలో మూట కట్టి, కుక్కర్ నీళ్ళలో వేసి, పొయ్యి మీద పెట్టాను. మూత పెట్టేముందు, చెయ్యి వణకకుండా చూడమని రెండు రకాతుల నమాజు చదువుకుందామని పక్క గదిలోకి వెళ్ళాను. తప్పు ఆ సందులో జరిగింది. నమాజుది కాదు, మూతది.

ఆ రోజు వంట పెత్తనం మా ఫుప్పుది (నాన్నకు అక్క). బగారా అన్నం, దాల్చా అనే పప్పు ఆమె చేయాల్సిందే. వంటింట్లోకి వచ్చి చూసింది. పొయ్యి మీద కుక్కర్, అందులో మరుగుతున్న నీళ్ళు, నీళ్ళలో తెల్లగుడ్డ మూట. మా ఇళ్ళల్లో దావత్ వంటకు లవంగం, యాలక్కాయ, చెక్క ఇట్లాగే గుడ్డలో కట్టి నీళ్ళలో వేస్తాం, దాన్ని పొట్లి అంటాం. ఎవరో పుణ్యాత్మురాలు తన పని సగం చేసిపెట్టిందనుకొని, నానిన శనగపప్పు పోసింది, పసుపు వేసింది, ఉప్పు వేసింది, మూత బిగించింది.

నేను సలామ్ చెప్పి నమాజు ముగించేసరికి మొదటి కూత వచ్చింది. ఇంట్లో ఎవరో మూత పెట్టారనుకున్నాను, చెవికి ఎంత ఇంపుగా ఉందో చెప్పలేను. లోపలి గదిలోంచి ఆపా గొంతు వినిపించింది, "ఒకటి" అని. రెండో కూతకు మామూ వరండాలో కాలు మీద కాలు వేసుకున్నాడు. కూతలన్నీ అయ్యాక నేను బిస్మిల్లా అంటూ వంటింట్లోకి వెళ్తే, ఫుప్పు అప్పటికే మూత తీసి గంటెతో వాసన చూస్తోంది.

"పొట్లి ఎవరు కట్టిన్రో గని, లవంగాలు తక్కువేసిన్రు. వాసనే లేదు" అంది నాతో.

ఆగమని చెయ్యి ఎత్తాను. ఆ చెయ్యి దేనికెత్తానో తెలియక ఆమె పొట్లిని గంటెతో పైకి లాగి, లోపల ఏం తక్కువైందో చూద్దామని ముడి విప్పింది. పచ్చని పప్పు కారుతూ ముందు కత్తెర వచ్చింది. తర్వాత చిమటా. తర్వాత ఉస్తరా. చివరికి దువ్వెన, వేడికి నడుము దగ్గర ఒంగి, రుకూలో నిలబడ్డ నమాజీలాగా. ఫుప్పు గంటె వదిలేసి "యా అల్లా, దీంట్ల మంగలి దుకాణం ఉన్నదేందిరా" అంది. వరండాలోంచి మామూ, బచ్చన్నపేట నుంచి వచ్చిన బావగారు, అమ్మ, లోపలి గదిలోంచి ఆపా, అందరూ గుమ్మం దగ్గర చేరారు. నేను పప్పులో మునిగిన ఉస్తరాను చేతిలో పట్టుకొని, ఆపా వైపు చూడలేక నేల వైపు చూస్తున్నాను. నా పని అయిపోయింది, ఇక దువా చదువుకోవడమే అనుకున్నాను.

అప్పుడు ఒక చప్పుడు వినిపించింది. ఆపా నవ్వుతోంది. ఒక చెయ్యి గుమ్మానికి ఆనించి, ఇంకో చెయ్యి పొట్ట మీద పెట్టుకొని, కన్నీళ్ళు కారుతూ నవ్వుతోంది. "నవ్వియ్యకుర్రి నన్ను. కుట్లు ఊడుతయి" అని ఆపలేక ఇంకా నవ్వుతోంది.

సరిగ్గా ఆ సమయానికే మా ఊరి మసీదు ఇమాము సాబ్, మేమంతా హజ్రత్ అని పిలిచే పెద్దాయన, సలామ్ చెబుతూ లోపలికి వచ్చారు. రాగానే జేబులోంచి చిన్న సీసా తీసి, రెండు చేతులకూ రాసుకున్నారు. వాసన వచ్చింది. అదే వాసన. మోరీలో నేను పారబోసిన జాడీ నా కళ్ళ ముందు తిరిగింది. ఆలస్యం ఎందుకని ఆయన అడిగితే, ఫుప్పు, మామూ పోటీపడి చెప్పేశారు. నేను నోరు పెగల్చుకొని, ఆ సీసాలో ఉన్నది ఏమిటో మీకు తెలుసు కదా హజ్రత్ అని అడిగాను.

ఆయన కోప్పడలేదు. తాగేదాని సంగతి వేరు, ప్రాణం కాపాడటానికి పైన తుడిచేదాని సంగతి వేరు అని చాలామంది పెద్దలు చెప్పారని, అయినా మనసు ఒప్పనివాణ్ణి బలవంతపెట్టే పని లేదని నెమ్మదిగా చెప్పారు. తర్వాత నా చేతిలోని ఉస్తరాను చూసి, "పప్పు నాపాక్ కాదు గద బేటా. కడిగి మళ్ళ ఉడకవెట్టు. ఈసారి పొయ్యి కాడనే నిలబడు" అన్నారు. సీసా నా ముందు పెట్టారు. "అడగాల్సింది నన్ను గాదు. తల ఇచ్చేటామెను అడుగు."

మళ్ళీ తోమాను, మళ్ళీ ఉడికించాను. ఈసారి కుక్కర్ దగ్గరి నుంచి కదలలేదు, ఫుప్పును దగ్గరికి రానివ్వలేదు. ఉస్తరా తీసి చల్లార్చి, చేతులు కడుక్కొని, హజ్రత్ సీసా కూడా పట్టుకొని ఆపా ముందు కూర్చున్నాను. నిజం చెబుతున్నాను, అప్పటికి నా దలీళ్ళన్నీ పప్పులో కరిగిపోయాయి. సీసా మూత తిప్పుతూ, ఆపా, నీ మాటే కానివ్వు అన్నాను.

ఆపా సీసా నా చేతిలోంచి తీసుకొని మంచం కింద పెట్టింది. "వద్దు. దిల్‌ల శక్, అనుమానం పెట్టుకొని గీస్తే చెయ్యి వణుకుతది. కూతలు నేను లెక్కవెట్టిన. గీయి" అంది. ఒడిలోని బిడ్డ తలను రెండు అరచేతుల మధ్య పట్టుకొని నా వైపు వంచింది.

గీశాను. చెయ్యి వణకలేదు. మాడు దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం ఊపిరి బిగబట్టాను, నాతోపాటు గదంతా బిగబట్టింది. బిడ్డ నిద్రలో ఒకసారి పెదవులు చప్పరించి ఊరుకున్నాడు. మామూ వచ్చి గీసిన తల మీద వెనక వేళ్ళతో రాసి చూశాడు, తన సంచీ తీసుకొని భోజనాల దగ్గరికి పోయాడు. మామూ నుంచి అంతకంటే పెద్ద మెప్పు నాకు ఇప్పటికీ రాలేదు. (ఆ పప్పు ఏమైందని అడుగుతారేమో. కోళ్ళకు వేశాం. స్టీలుతో ఉడికితే పప్పుకు ఏమవుతుందని ఫుప్పు చాలాసేపు వాదించింది.)

ఇప్పుడు భూపాలపల్లిలో నాకు సొంత దుకాణం ఉంది. బొగ్గుబావుల డ్యూటీ దిగినవాళ్ళు చెవుల వెనక నల్లని గీతతో వచ్చి కూర్చుంటారు. బల్ల మీద స్పిరిట్ జాడీ నిండుగా ఉంటుంది. హజ్రత్ చెప్పాక ఇంకో ఇద్దరు ఆలిమ్‌లను అడిగి, మనసు కుదిరాకే పెట్టాను. వెనక గదిలో చిన్న కుక్కర్ కూడా ఉంది, పొద్దున దుకాణం తెరవగానే దానితోనే పని మొదలు. కొత్తగా వచ్చినవాళ్ళు కూత విని, పప్పా అన్నా అని అడుగుతారు. కాదని చెప్పి ఊరుకుంటాను. జాడీ మూత తీసినప్పుడల్లా ఆ వాసనలో మదర్సా టోపీ పెట్టుకొని, ప్రపంచంలోని పాక్, నాపాక్ అంతా తన ముక్కుతోనే తేల్చేసిన ఆ పిల్ల ఆలిమ్ గుర్తొస్తాడు. వాడి మీద నవ్వు వస్తుంది. అంత గట్టిగా దేన్నైనా నమ్మిన ఆ మనసు మీద కొంచెం బెంగ కూడా వస్తుంది.

ఆపా కొడుకు ఇప్పుడు బడికి పోతున్నాడు, జుట్టు దుబ్బులాగా పెరుగుతుంది. ఆపా పొద్దున్నే ఫోన్ చేసి వాడి అల్లరి సంగతులు చెబుతూ ఉంటుంది. మధ్యలో వెనక గదిలో కుక్కర్ కూస్తే, చెబుతున్న మాట అక్కడే ఆపేస్తుంది. ఇప్పటికీ కూతల లెక్క ఆమెదే.

"ఇంకొకటి రానియ్యి" అంటుంది.