తేదీ దొరకని కార్డులు

పోయిన నెల ఒక మధ్యాహ్నం మాచర్ల నుంచి వచ్చి నరసరావుపేట బస్టాండులో దిగానో లేదో, మా కాలేజీ అటెండరు ఎదురొచ్చి, "మేడం, పెద్ద మాస్టారు పోయారండీ, తెల్లారుజామున" అన్నాడు. పక్కన కండక్టరు గుంటూరు, గుంటూరు అని అరుస్తూనే ఉన్నాడు. నేను వెళ్ళేసరికి ఆయన్ని తీసుకుపోయారు.

ఆయన నాకు జంతుశాస్త్రం చెప్పిన మాస్టారు. తర్వాత ఆయన దగ్గరే డెమాన్‌స్ట్రేటర్‌గా చేరాను. భార్య ఎప్పుడో పోయింది, పిల్లలు లేరు. ఆదివారం వస్తే సైకిలేసుకుని ముప్పాళ్ళ, ఎడ్లపాడు చేలకు పోయేవారు. పత్తి ఆకు తిరగేసి, కింద ఏ పురుగుందో చూసి, పోస్టుకార్డంత అట్టముక్క మీద రాసుకునేవారు. రైతు ఇచ్చిన మజ్జిగ తాగి, గ్లాసు తనే కడిగి బోర్లించేవారు. "ఇంటికి పోయి ఏం చెయ్యాలమ్మాయ్, గోడలతో మాట్లాడనా?" అనేవారు. నవ్వుతూనే అనేవారు గానీ నాకు నవ్వొచ్చేది కాదు.

రెండేళ్ళ కిందట ఢిల్లీ నుంచి ఫారాలొచ్చాయి. దేశంలో పురుగుల మీద, మొక్కల మీద ఎవరు ఏం కనిపెట్టినా అంతా ఒక కంప్యూటర్లో చేరుస్తారట. ఏ ఊరివాళ్ళు అడిగినా ఇస్తారట. మాస్టారు ఆ రోజు భోజనం మర్చిపోయారు. "మన తెల్లదోమ సంగతి పంజాబోళ్ళకి, వాళ్ళ సంగతి మనకి. ఇంకేం కావాల?" కార్డులు ఫారాల్లోకి ఎక్కించే పని నాకప్పజెప్పి, ఖాళీ ఫారాల మీద ముందే సంతకాలు చేసిచ్చారు.

చిక్కల్లా ఒకటే. ఫారంలో తేదీకి గడి ఉంది. మాస్టారి కార్డుల్లో తేదీల్లేవు, ఏడాదీ కార్తే ఉన్నాయి. రైతు ఎట్లా చెబితే అట్లా "స్వాతి కార్తె, తెల్లదోమ" అని రాసుకున్నారు. కార్తె అంటే పదమూడు, పద్నాలుగు రోజులాయె. మొదటి కట్ట, తేదీ లేనిది తీసుకోలేమని తిరిగొచ్చింది. ఆయన మొహం చూడలేకపోయాను. చెప్పకుండా పంచాంగం ముందేసుకుని, ఒక్కో కార్తెలో నడిమి రోజు చూసి గళ్ళన్నీ నింపి పంపేశాను. తీసుకున్నామని ఉత్తరం వచ్చింది.

ఆ ఉత్తరం చూసి మాస్టారు మురిసిపోయారు. ఆనక అడిగారు: "కార్తెల్ని ఎట్టా ఒప్పుకున్నారమ్మాయ్?"

చెప్పాను. తిడతారనుకున్నాను. ఉత్తరం మడిచి బల్ల మీద పెట్టారు.

"ఊళ్ళో అబద్ధమాడితే పక్క చేనోడు దిద్దుతాడు. అంత దూరాన ఎవరు దిద్దుతారు? ఎవడో ఆ తేదీ నమ్మి మందు కొడతాడు. చూడంది చూసినట్టు రాయమాక."

అన్నీ తీసేయమని ఢిల్లీకి రాశారు. నా పేరెత్తలేదు, తప్పు తనదేనని రాశారు.

అప్పట్నుంచి మళ్ళీ సైకిలు. ఆ పురుగు ఏ రోజు కనపడిందో గుర్తుందా అని ఒక్కో రైతునూ అడగడం. ఒకరికి కూతురి పురుడు గుర్తు, ఒకరికి కోటప్పకొండ తిరునాళ్ళు గుర్తు. నేనూ వస్తానంటే "నువ్వెందుకులే, ఎండ" అనేవారు. దానికన్నా తిట్టినా బాగుండేది. సగం కూడా కాకముందే పోయారు. ఆయన పోయిన మూడో రోజున ఢిల్లీ ఉత్తరం వచ్చింది: మీరు కోరినట్టే మీ వివరాలన్నీ తొలగించాం. అన్నేళ్ళు ఎండలో తిరిగిన మనిషి, ఒక్క గడిలో కూడా మిగల్లేదు. అంతా నా నిర్వాకం.

నిన్న ఆదివారం మిగిలిన కార్డులు సంచిలో వేసుకుని ముప్పాళ్ళ వెళ్ళాను. చేలో ముసలి రైతు నా వెనక దారి వంక చూసి, "సారు రాలేదేంది?" అన్నాడు.

చెప్పాను. తలగుడ్డ తీసి ఒళ్ళో పెట్టుకుని గట్టు మీద కూలబడ్డాడు. కాసేపయ్యాక స్వాతి కార్తె కార్డు చూపించి అడిగాను.

"ఆ యేడు దీపావళి తెల్లారి. పిల్లోళ్ళు కాల్చిన టపాకాయల కాయితాలు ఊడ్చి చేలోకొచ్చా. అప్పటికే సారు ఆకు తిరగేసి చూస్తన్నాడు."

పాత క్యాలెండరు తీసి, తేదీ చూసి రాశాను. సరిగ్గా రాశానో లేదో చూసే మనిషి లేడు. అందుకని కార్డు మొత్తం ఆ రైతుకే బిగ్గరగా చదివాను. ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, నేల చూస్తూ, చివరిదాకా విన్నాడు.